అద్దాల డబ్బా

"గ్రాఫిక్స్ కార్డు ఎందుకన్నా? ఇంట్ల ఆటలాడేటోళ్లు ఉన్నరా?"

కరీంనగర్‌లోని కంప్యూటర్ షాపులో, పక్క స్టూలు మీద కూర్చున్న మనిషి చీటీలోకి తొంగిచూసి అడిగాడు.

శ్రీహరికి చిర్రెత్తింది. సామాన్ల చీటీ రాసింది తను. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు తను. మధ్యలో వీడెవడు?

"ఉండాలె గద, అన్నీ," అన్నాడు ముక్తసరిగా.

"ఆటలకు కాదన్నా, టైపు పనికి," అంది అతని భార్య వనజ. "పాత పుస్తకాలు ఇంట్ల కూసోని టైపు కొట్టుడు. కంపెనీ మా దిక్కు ఒక్కరినే తీసుకుంటది. సోమవారం మా ఇంటి కంప్యూటర్ మీదనే రెండు గంటల పరీక్ష. నడుమల మిషన్ ఆగితే సీటు రెండో నంబరోళ్లకు పోతదట."

కంపెనీ పంపిన కాగితం అతనికి చూపించింది.

అతను పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ చదివాడు.

"వనజ అంటె నువ్వేనా చెల్లె?"

"అవునన్నా."

అతను ఒళ్లో ఉన్న పాత కీబోర్డు మీద వేళ్లు ఊరికే ఆడించాడు.

పేరు తెలుసుకునేదాకా వచ్చిండు, అనుకున్నాడు శ్రీహరి.

"మీ ఇల్లు యాడ?"

"సిరిసిల్ల. ముంగట, ఎనుక అన్నీ కరెంటు మగ్గాల సాంచాలే."

"మగ్గాలోళ్లందరు చాయ్ తాగొచ్చి ఒక్కపారే సాంచాలు షురూ చేస్తే, మీ ఇంట్ల కరెంటు బుగ్గ మసకవడుతదా?"

వనజ కళ్లు పెద్దవయ్యాయి.

"అవునన్నా! ఆరిపోయి వెలిగినట్టయితది. నీకెట్ల ఎరుక?"

"నేను గా సప్పుడుల పుట్టినోన్నే. ఇగ రాసుకో. నడిమి రకం ప్రాసెసర్ చాలు, తెర మీది బొమ్మ దాంట్లనే వస్తది. ర్యామ్ పదహారు పెట్టు. ఎస్ఎస్‌డీ పెట్టు, జల్ది లేస్తది. గా కార్డు వద్దు, క్యాబినెట్‌కు గీ లైట్ల అద్దాల డబ్బా వద్దు. వాటికి పెట్టేది యూపీఎస్‌కు పెట్టు. బుగ్గ మసకవడ్డా నీ మిషన్ ఆగది. యూపీఎస్ లేకుంట పరీక్షకు కూసోకు చెల్లె."

వనజ ప్రతి మాటకూ తల ఊపుతూ చీటీ వెనక రాసుకుంది.

ఎనిమిదేళ్ల కాపురంలో తన మాట ఒక్కటైనా ఆమె రాసుకున్నట్టు శ్రీహరికి గుర్తు లేదు.

"నువ్వు గీ షాపుల పనిజేస్తవా?" అని ఆ మనిషిని అడిగాడు.

"లే అన్నా. కీబోర్డు బాగుచేయిద్దామని వచ్చిన."

"మరి నీ కీబోర్డు నువ్వు చూస్కో. మా ఆడోళ్లతోని నీకేం ముచ్చట్లు?"

అతని ముఖం చిన్నబోయింది.

"లక్ష్మీరాజమన్నా, నీ కీబోర్డు ఇటు తే," అని షాపు యజమాని లోపలి నుంచి పిలిచాడు.

అతను లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"యూపీఎస్ మరువకు చెల్లె."

ఆ ఒక్క మాట శ్రీహరి ఒంటికి కారం రాసినట్టయింది. వనజ చేతిలోంచి చీటీ లాక్కున్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఉంచాడు. అద్దాల డబ్బా ఉంచాడు. యూపీఎస్ కొట్టేశాడు.

"గాయన మంచికే చెప్పిండు గదా," అంది వనజ.

"గాయన మంచోడు, నేను పిచ్చోన్నా? పో మరి, గాయనతోనే బిగించుకో పో!"

తిరుగు బస్సులో వనజ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

"వాని గురించే సోంచాయిస్తున్నవా?"

"కాదు. యూపీఎస్ గురించి."

ఆదివారం పొద్దున కంప్యూటర్ బిగించారు. అద్దాల వెనక ఎర్ర లైట్లు, నీలం లైట్లు గిర్రున తిరిగాయి.

"అవ్వో! బతుకమ్మ లైటింగ్ లెక్కున్నది," అని పక్కింటి బాలలక్ష్మి బుగ్గలు నొక్కుకుంది.

శ్రీహరి ఛాతీ పొంగింది.

వనజ నాలుగు గంటలు టైపు చేసింది. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"చూసినవా? యాడున్నడు మీ యూపీఎస్ అన్న?"

వనజ కూడా నవ్వేసింది. ఆదివారం మగ్గాలకు సెలవు. గల్లీ నిశ్శబ్దంగా ఉంటే ఇద్దరికీ హాయిగా అనిపించింది తప్ప, మిషన్ ఆగకపోవడానికి కారణం అదేనని ఒక్కరికీ తట్టలేదు.

సోమవారం పది గంటలకు పరీక్ష మొదలైంది. కంపెనీ వాళ్లు అటు నుంచి ఆమె తెరనే చూస్తున్నారు. గంటసేపు వనజ వేళ్లు ఆగలేదు. తప్పు ఒక్కటీ పడలేదు.

పదకొండుకు గల్లీ అంతా చాయ్‌కి లేచింది.

పావుగంటలో తిరిగొచ్చి, మగ్గాలన్నీ ఒక్కసారే మొదలుపెట్టింది.

ఇంట్లో బుగ్గ మసకబడి మళ్లీ వెలిగింది.

అద్దాల డబ్బాలో లైట్లు ఆరిపోయాయి. తెర నల్లబడింది.

సాయంత్రం వనజ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మేడం, ఒక్క ఛాన్స్ ఇయ్యుండ్రి. రేపే యూపీఎస్ తెచ్చుకుంటం."

"సారీ అండీ. రూలు కాగితంలోనే రాశాం కదా. రెండో నంబరు ఆయన్ని తీసుకున్నాం."

శ్రీహరి ఆగలేకపోయాడు. ఫోన్ మీదికి వంగాడు.

"ఎవడు మేడం వాడు? మా సీటు పోవాలని రాజన్నకు కోడె మొక్కినోడు?"

"వేములవాడ లక్ష్మీరాజం గారండీ," అంది ఆ అమ్మాయి. "లిస్టులో మొదటి పేరు వనజ గారిదనీ, ఆవిడ మిషన్ ఆగితేనే సీటు తనకు వస్తుందనీ పది రోజుల కిందటే ఆయనకు లెటర్ పంపాం."