కొలతకు రెండు ఎక్కువ

పొద్దున కూరగాయలకు వెళ్లినప్పుడు మార్కెట్ వెనక వీధిలో కొత్త టైలర్ షాపు కనిపించింది. నిన్నో మొన్నో తెరిచినట్టుంది. లోపల కత్తెర పట్టుకుని నా మొగుడు.

గదికి పరుగెత్తుకొచ్చి గడియ పెట్టాను. ఫోన్‌లో మ్యాప్ తీసి, మా గుమ్మం మీద ఒక చుక్క, ఆ షాపు మీద ఒక చుక్క పెట్టాను. రెండింటి మధ్య తిన్నగా గీత పడింది. ఐదు వందల రెండు మీటర్లు.

లాయరమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నువ్వుండే చోటికి ఐదు వందల మీటర్ల లోపు రాకూడదంది కోర్టు. రోడ్డు లెక్క కాదు, తిన్నగా గీత లెక్కే," అంది ఆవిడ. "రెండు మీటర్లు అవతలే ఉన్నాడుగా. అక్కడ షాపు ఖాళీగా దొరికి ఉంటుంది. కంగారు పడకమ్మా."

"దొరికింది కాదండీ. నాకు కత్తిరింపు నేర్పింది అతనే. ఏ గుడ్డయినా కొలతకు రెండంగుళాలు ఎక్కువ వదిలే కోస్తాడు."

"అంటే కొలుచుకునే పెట్టాడంటావా? మంచిదేగా. కోర్టంటే భయం ఉందన్నమాట."

"ఎక్కడి నుంచి కొలిచాడండీ?"

"నీ గుమ్మం నుంచే కదమ్మా, ఇంకెక్కడి నుంచి?" అంది ఆవిడ.

"నేను ఈ గదికి మారి నాలుగు రోజులే అయింది. అడ్రసు మీక్కూడా ఇంకా ఇవ్వలేదు."