పదిహేను రోజుల ముందు

“దగ్గరివాళ్లు చనిపోతే జీతంతో మూడు రోజుల సెలవు. దానికి పదిహేను రోజుల ముందే అర్జీ పెట్టుకోవాలంట. ఏం సార్, యముడు నోటీసు పంపుతాడా?”

కార్మిక సంఘం బసవరాజు మాటకు హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరుసలో మార్త ఒక్కతే నవ్వలేదు.

కొత్త సెలవుల పథకం నియమాల మీద జనాభిప్రాయం వినే రోజది. పనిదినాన, పదకొండు గంటలకు పెట్టారు కనుక సెలవు అవసరమైనవాళ్లెవరికీ సెలవు దొరకలేదు. కుర్చీల్లో ఉన్నది చాలామటుకు రిటైరైనవాళ్లే.

వేదిక మీద అధికారి జయరామప్ప చెమట తుడుచుకున్నాడు. “పెళ్లి సెలవు నియమాన్నే చావు సెలవుకూ దించేసినారప్పా. తీసేస్తాం.”

“శుభలేఖ జతచేయాలని కూడా ఉండాది,” అన్నాడు బసవరాజు.

“అదీ తీసేస్తాం. ఎవరికైనా అభ్యంతరమా?”

మార్త చెయ్యెత్తింది. ఆమె ఒళ్లో ఆసుపత్రి కవరు, దాని మీద కళ్లజోడు పెట్టె. బడి మొహం చూడకుండానే చదువు నేర్చుకున్న మనిషి. నియమాలన్నీ వేలు పెట్టి రెండుసార్లు చదివింది.

“తీసేయొద్దప్పా. ఉండనీ.”

పొద్దుటినుంచి ఒక్క నియమాన్నీ మెచ్చినవాళ్లు లేరు. జయరామప్ప ముఖం విప్పారింది. “ఎందుకమ్మా?”

“నా మొగుడు పోయినప్పుడు కూతురు రాచెల్ జిగణిలో ఫ్యాక్టరీ షిఫ్టులో ఉండింది. ప్రాణం పోయినాకనే వదిలిపెట్టినారు. వచ్చి మూసిన శవపెట్టె చూసింది. పోయినాక సెలవెందుకు? ముందే ఇస్తే పక్కన కూర్చోని నాలుగు మాటలు మాట్లాడుకుంటారు గదా.”

“ముందే ఎట్ల తెలుస్తాదమ్మా?” అన్నాడు బసవరాజు.

“డాక్టరు చెప్తే తెలుస్తాది.”

జయరామప్ప కవరు వైపు చూశాడు. “మీవాళ్లలో ఎవరికైనా బాగలేదా?”

“అవునప్పా. మూడు వారాలన్నారు.”

“మరి మీరిక్కడికొస్తిరే, పక్కన ఎవరుండారు?”

“నేనే. ఒక్క నిమిషం విడిచింది లేదు.”

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దావిడకు మతి తిరిగిందనుకుని బసవరాజు ఆమె చేతికి మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

“మీ కూతురికి చెప్పినారా?” అన్నాడు మెల్లగా.

“చెప్తే ఆ క్షణానే పని మానేస్తాది. ఆమీద ఎట్ల బతుకుతాది? సెలవు దొరికినాక చెప్తా.”

“ఇది ఇంకా ముసాయిదానే అమ్మా,” అన్నాడు జయరామప్ప. “అమలుకు రెండు నెలలు పడుతుంది.”

“అంతవరకూ ఆగదప్పా. వెనక పేజీలో నమూనా ఫారం ఉండాది కదా, అదన్నా తీసుకో.”

వద్దనడానికి ఆయనకు ఏ నియమమూ కనిపించలేదు. “మీ అభిప్రాయం కింద జతచేస్తాను,” అని పెన్ను ఇచ్చాడు.

మార్త కళ్లజోడు పెట్టుకుంది. అర్జీదారు రాచెల్ అని గుండ్రంగా రాసింది. శుభలేఖ గుచ్చమన్నచోట స్కాను కాగితం గుచ్చింది.

చనిపోయినవారి పేరు అన్నచోట తన పేరు రాసింది.