ఉద్ధరిణెడు నీళ్లు

"ఉద్ధరిణెడు నీళ్లు నాలుగున్నర గ్రాములనుకో. అందులో అణువులెన్ని? సోమవారం పరీక్షలో ఇలాంటిదే ఇస్తారు," అన్నారు అనంతరామయ్య మంచం మీంచి. నందిగామలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన మాస్టారాయన.

కూతురు అహల్య పలక మీద గబగబా రాసింది. "ఆరు పక్కన ఇరవైమూడు సున్నాలు."

"అది పద్దెనిమిది గ్రాములకే. ఇక్కడున్నది నాలుగో వంతేగా! తొందరెందుకమ్మా? మళ్లీ చెయ్యి."

అహల్య చెరిపి, నాలుగుతో భాగించింది. "పదిహేను పక్కన ఇరవైరెండు సున్నాలు. ఇప్పుడు సరిపోయిందా, నాన్నగారూ?"

పలకను ఆయన ముఖం ముందుకు తిప్పింది.

"నాన్నగారూ!"

జగ్గయ్యపేట డాక్టరు పొద్దున్నే పెదవి విరిచి వెళ్లాడు. అప్పట్నుంచీ అనంతరామయ్య కళ్లెదురుగానే ఉన్నాయి తులసి నీళ్లు, ఉద్ధరిణి. అహల్య ఉద్ధరిణెడు తీసి ఆయన నోట్లో పోసింది. నీళ్లు పెదవి చివర నుంచి దిండు మీదికి జారాయి.

అన్ని అణువుల్లో ఒక్కటీ గొంతు దిగలేదు.