జడితి

మూడు చెంబుల నీళ్లు పోసినా పొట్టేలు ఒళ్లు విదల్చలేదు.

"దీని తల్లి! రాయా, జీవమా?" అని అంజిలయ్య పళ్లు కొరికాడు.

గుట్ట మీద, నిలువెత్తు దిగంబర రాతిదేవుడి ముందు పొద్దున్నుంచీ ఇదే వరస. నీళ్లు పోయగానే పొట్టేలు ఒళ్లు జాడించాలి. అదే జడితి, దేవుడు ఒప్పుకున్నాడని గుర్తు. జడితి ఇవ్వనిదే కత్తి ఎత్తకూడదు. మనవరాలు అక్షరకు జ్వరం తగ్గితే పొట్టేలు కోస్తానని మొక్కాడు. పిల్ల లేచి తిరుగుతోంది. మొక్కు తీరకపోతే మళ్లీ మంచం పడుతుందని అంజిలయ్య భయం. ఆ భయమంతా కోపమై బయటికొస్తోంది.

పురాతన విగ్రహం చూద్దామని తాండూరు నుంచి వచ్చిన మహిధర్ ఊరుకోలేకపోయాడు. "పెద్దాయనా, ఈయన జైనుల దేవుడు. చీమను గూడ తొక్కనోడు. పొట్టేలునెట్ల తింటడు?"

"మా తాతల కాలం సంది తింటుండు! తిననని నీకు ఫోన్ల జెప్పిండా సారూ?"

"సారు మీద ఎగురుడెందుకు?" భార్య రుక్కమ్మ అందుకుంది. "నల్ల పొట్టేలును మొక్కితివి. అది మందకు కావాల్నని దాచి, గీ ముసలిదాన్ని పట్టుకొస్తివి. దేవునికి కండ్లు లేవనుకున్నవా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. పరాయివాడి ముందు పరువు తీసిందని అంజిలయ్యకు ఒళ్లు మండిపోయింది.

"కోసినంక నలుపేంది, తెలుపేంది? నువ్ నోర్ముయ్! నర్సింహులూ, ఇంకో చెంబు పోయ్!"

కత్తి పట్టుకున్న బామ్మర్ది నర్సింహులు రెండో చేత్తో నాలుగో చెంబు పోశాడు. పొట్టేలు కళ్లు మూసుకుని తీరిగ్గా నెమరేసింది.

అంజిలయ్య పక్కనున్న నీళ్ల బిందె లాక్కుని దేవుడికేసి గుడ్లురిమాడు.

"ఏందయ్యా నీ పరేషాన్? నా దాంట్ల తప్పుందా? ఉంటే నోరులేని జీవినెందుకు సతాయిస్తవ్? నన్నే అడుగు!"

బిందెలో మిగిలిన నీళ్లన్నీ తన నెత్తిన గుమ్మరించుకున్నాడు.

మాఘమాసపు చలిగాలి గుట్ట మీద ఒక్క విసురు విసిరింది. అంజిలయ్య నెత్తి నుంచి కాళ్లదాకా ఒళ్లు జాడించాడు.

నర్సింహులు దేవుణ్ని చూశాడు. చేతిలో కత్తిని చూశాడు.

"బావా... జడితి నువ్విచ్చినవ్!"