పొడుగు కామ

ఆ ముసలాయన మూడు రోజులుగా గట్టు మీద కూర్చుని ఓబయ్యనే చూస్తున్నాడు.

గడ్డి టోపీ, ఎండకు మాడిన మొహం, మొరటు చేతులు. ఎవరికైనా కూలీ అనే తోస్తుంది.

ఓబయ్యది అరబ్బు దేశంలో కూలిపని. సహంలోని ఈ తోటలో పదేళ్లుగా పని. ఈ మధ్య నడుం పట్టేస్తోంది. "వంగలేకపోతే ఊరికి పంపించేస్తా" అని యజమాని అర్బాబ్ పోయిన వారమే అన్నాడు.

"నా బదులు ఈ ముసలోన్ని తెచ్చినట్టుండాడు" అన్నాడు డ్రైవర్ రియాజ్‌తో.

నాలుగో రోజు ముసలాయన దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"కామ్ నహీ హై! జావ్!" ఓబయ్య కసిరాడు.

ఆయనకు అర్థం కాలేదు. ఓబయ్య చేతిలోని పొట్టి పార తీసుకుని, వంగి, ఒక సాలు కలుపు తీశాడు. ఎంత ఒడుపుగా తీశాడో! తర్వాత నడుం పట్టుకుని లేచి, పారతో సహా వెళ్లిపోయాడు.

"దొంగ నాయాలు! పార గూడ ఎత్తకపాయె!"

తెల్లారి పార గట్టు మీదుంది. దానికి గుండెలెత్తు కొత్త కర్ర పిడి, పొడుగు కామ!

ఓబయ్యకు ఒళ్లు మండింది. వంగిన వీపు కనబడితేనే అర్బాబ్‌కు పని జరిగినట్టు. నిలబడ్డవాడు సోమరిపోతే. "నన్ను ఇరికించేకే ఇట్ల చేసినాడు" అంటూ కామను జానెడు మిగిల్చి కోసేశాడు.

ముసలాయన వచ్చి కోసేసిన కట్టెను చూశాడు. కోప్పడలేదు. పార పుచ్చుకుని నేరుగా అర్బాబ్ ఇంటికి నడిచాడు.

"చాడీలు చెప్పేకి పోతాండాడు. నా పని అయిపాయె!"

మూడో నాడు రియాజ్ బండి నిండా పొడుగు కామల పారలు తెచ్చాడు.

"ఇంక అందరూ నిలబడే కలుపు తీయాలంట. నువ్వు యాడికీ పోయే పన్లేదు మామా!"

"ఎవురు చెప్పినారబ్బా అర్బాబ్‌కు?"

"ఆ ముసలాయనే. అర్బాబ్ పక్కింటి ఇంగ్లీషు టీచరమ్మ నాయన. ఆయమ్మ అరబీలో చెప్తాంటే, పొట్టి పార అర్బాబ్ చేతికే ఇచ్చి ఒక సాలు తీయమన్నాడంట. సగం సాలుకే అర్బాబ్ కూలబడినాడు!"

ఓబయ్యకు సిగ్గేసింది. "అయ్యో, దొంగంటినే! యాడుండాడు? కాళ్లు పట్టుకుంటా."

"రాత్రి విమానమెక్కించి వచ్చినా. అమెరికా ఆయన."

"అమెరికానా? అయి కూలోని చేతులు కదప్పా!"

"మెక్సికో నుంచి వలసపోయిన కూలోళ్ల కొడుకు. చిన్నప్పుడు వాళ్లతో కలుపు తీసినాడంట, ఇప్పటికీ తోటపని ఇడిసిపెట్టలేదంట. టీచరమ్మ దారిలో చెప్పింది. ఆడ ముప్పై ఏండ్లు జడ్జి మామా. అంతకు ముందు వకీలు. వాళ్లమ్మ నడుం ఇరగ్గొట్టిన పొట్టి పారను కోర్టుకీడ్చి, కూలోళ్ల చేతుల్లోనుంచి తీయించినోళ్లలో ఈయనొకడంట."