మెడ కోసిన బుల్లెట్టు

మూడో రంపపు బ్లేడు కూడా పటుక్కున విరిగింది.

ఆజం నాలుగోది బిగించాడు. బుల్లెట్టు మెడ, హ్యాండిల్ కింది ఇనుప గొట్టం, అప్పటికే సగం తెగింది. ఇక ఆగేదేముంది?

బండి వాళ్ల నాయిన దస్తగిరిది. మిలిటరీ వేలంలో వచ్చిన పాత బండి. వెనక ఇనుప క్యారేజీ, దాని మీద దూది మూటలు, పక్కన కట్టిన దూదేకే విల్లు. జడ్చర్ల నుంచి ఆత్మకూరు దాకా ఏ ఊళ్లో ఎవరికి పరుపు కుట్టాలన్నా ఆ బండి చప్పుడు వినపడాల్సిందే.

ఆజంకు మాత్రం చాపర్ పిచ్చి.

హైవే పక్కన షెడ్డులో అతను వెల్డింగు చేస్తాడు. హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పత్రికలో చాపర్ మోటారుసైకిలు బొమ్మ చూసిన రోజు నుంచి అన్నం సహించలేదు. ముందు చక్రం ఎక్కడో, మనిషి ఎక్కడో! పడక కుర్చీలో దొర వాలినట్టు వాలి కూర్చున్నాడు.

"పొడుగు హ్యాండిల్ పెట్టి, సైలెన్సర్ మార్చి చాపర్ అంటే నవ్వుతరు," అనేవాడు షెడ్డు యజమాని నర్సింహ. "అది ఒట్టి సోకు. చాపరంటే మెడ కొయ్యాలె. ముందలి ఫోర్కు సాగదియ్యాలె. ఒక్కడు కూసునే సీటు, ఇంక ఫాల్తు సామానంత పీకెయ్యాలె. ఒక్కసారి కోసినంక మల్ల ఎన్కకు రావొద్దు. గదే అసలు చాపర్."

ఆజం నాయినను మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ దస్తగిరి నవ్వాడు.

"నేను పోయినంక కోసుకోరా. అందాంక దాని జోలికి రాకు."

తొంభై రెండు ఎండాకాలంలో దస్తగిరి ఆత్మకూరు నుంచి వచ్చి, బండికి స్టాండు వేస్తూనే కుప్పకూలాడు. పక్షవాతం. చెయ్యి, కాలు, మాట మూడూ పోయాయి. హైదరాబాదులో దవాఖానలో చేర్చారు. తల్లి లాల్ బీ అక్కడే ఉండిపోయింది.

ఎనిమిదో రోజు ఆజం చూడడానికి పోతే డాక్టరు బయటికి పిలిచాడు.

"ఇంక ఆశ పెట్టుకోకండి."

ఆ మాట తల్లికి చెప్పలేక ఏడ్చుకుంటూ బస్సెక్కాడు. దొంగ ఏడుపు కాదు, నిజమైన ఏడుపే. కానీ షాద్‌నగర్ దాటాక కళ్లు తుడుచుకుంటూ, ఫోర్కు ఎన్ని అంగుళాలు పెంచాలో లెక్క వేసుకున్నాడు.

ఛీ, ఏం మనిషివిరా, అనుకున్నాడు. అనుకుంటూనే లెక్క వేశాడు.

మూడోనాడు రంపం పట్టాడు.

"మీ నాయిన ఇంకా..." అని నర్సింహ అనబోతే, "డాక్టరు చెప్పిండన్నా," అన్నాడు.

ఇరవై రోజుల్లో చాపర్ నిలబడింది. చౌరస్తాలో ఆపితే లారీ డ్రైవర్లు దిగొచ్చి మరీ చూశారు. సందు మలుపులో మాత్రం తిరగదు, దిగి వెనక్కి జరుపుకోవాలి. అయితేనేం, అసలు చాపర్! క్యారేజీ ముక్కల్ని పాత ఇనుము వాడు పట్టుకుపోయాడు.

ఆ వారమే షెడ్డు పక్కన ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది. లాల్ బీ గొంతు.

"ఆజమూ, మీ నాయినకు మాటొచ్చిందిరా! నెల దినాల సంది మూసిన నోరు పొద్దుగాల ఇప్పిండు. మొదలు ఏమన్నడో ఎర్కనా? బండి అన్నడు. బండెట్లుందిరా?"

ఆజం రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"మంచిగుందమ్మా."

నాయిన బతికాడంటే సంతోషించాలి కదా మనిషన్నవాడు! సంతోషించాడు. అంతకంటే ఎక్కువ భయపడ్డాడు. అందుకు సిగ్గుపడ్డాడు.

నర్సింహ దగ్గరికి పరుగెత్తాడు. "అన్నా, మెడ మల్ల పాత తీరుగ చేద్దామే."

"పాత మెడేదిరా? అరగదీసి పారేస్తివి. గిప్పుడు అతికిస్తే నడి తొవ్వల ఇరుగుతది. బతికొచ్చిన మనిషి పానం తీస్తవా?"

పదిహేను రోజులకు ఇంటి ముందు ఆటో ఆగింది.

దస్తగిరి దిగాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది, మూతి ఒక పక్కకు లాగింది, కానీ మనిషి తన కాళ్ల మీద నిలబడ్డాడు. వెనకే బట్టల సంచితో లాల్ బీ. ఆజం తేలు కుట్టిన దొంగలా గోడ పక్కన నిలబడ్డాడు.

బండి వాకిట్లోనే ఉంది. అంత పొడుగుదాన్ని దాచడానికి జాగా ఎక్కడిది!

దస్తగిరి చూశాడు. కాలు ఈడ్చుకుంటూ చుట్టూ తిరిగాడు. వెల్డింగు చేసిన మెడను కుడిచేత్తో తడిమాడు.

ఎదురింటి బక్కయ్య ఊరుకునే రకమా?

"సూస్తివా దస్తగిరన్నా! నువ్వు దవాఖానల పడంగనే నీ కొడుకు రంపం పట్టిండు. పానముండంగనే నీ బండికి కోత పెట్టిండు. వద్దని చెప్పినం, ఇంటడా?"

దస్తగిరి మాట కూడదీసుకున్నాడు.

"నేనే... కొయ్యమన్న."

"నువ్వా? నీకు నోరే పడిపోయె గద. ఎట్ల చెప్పినవ్?"

దస్తగిరికి మాట అందలేదు. పెదవులు కదిలాయి, అంతే.

"సైగ జేసిండు," అంది లాల్ బీ. "నేనే వీనికి చెప్పిన. నీకేంది బక్కయ్యా నడుమ?"

బక్కయ్య బీడీ పారేసి లోపలికి పోయాడు.

చెంప పగిలేలా కొట్టినా బాగుండునని అనిపించింది ఆజంకు. నాయిన కాళ్ల మీద పడదామనుకున్నాడు. ఒళ్లు వంగలేదు.

తల్లి చేతిలో సంచి బరువుగా ఉంది. అందుకుందామని చెయ్యి చాచాడు.

లాల్ బీ ఆ సంచిని చంకలోకి మార్చుకుని, రెండో చేత్తో మొగుణ్ణి పట్టుకుని మెట్టెక్కింది.