అరటి బోదెల రోజు

“అది కాదమ్మా, మీ పడవ ఇదీ! దిగండి, దిగండి!”

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి గొంతు చించుకున్నాడు మకామె. వింటేనా? పొద్దున్నే హోటల్ గుమ్మం దగ్గర పడిగాపులు పడి, పుంగుమె దీవికి తీసుకెళతానని తను ఒప్పించిన ముసలి దంపతులు అప్పటికే ఉస్సి పడవెక్కి కూర్చున్నారు. వాళ్ళకు ఎండ తగలకుండా ఉస్సి గుడ్డ కడుతున్నాడు, సొంత కూతురి పెళ్ళికి పందిరేస్తున్నంత శ్రద్ధగా.

“ఒరే ఉస్సీ, సిగ్గులేదట్రా నీకు? వాళ్ళు నా మనుషులు!”

“నీ మనుషులైతే నీ పడవే ఎక్కుదురుగా. ఏదీ, నీ పడవ?”

మకామెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనున్నది అద్దె పడవ. అడుగున నీళ్ళూరుతూ ఉంటుంది, సగం దారి తోడుకుంటూ పోవాలి. అతని సొంత పడవ పోయి ఏడాది కావస్తోంది.

“తిట్టరా, తిట్టు,” ఇంజన్ తాడు లాగుతూ నవ్వాడు ఉస్సి. “అంతా ఇక్కడే కక్కేయకు. కొత్త సంవత్సరానికి కాస్త దాచుకో. వారమేగా!”

“ఆ రోజు నీ వీపు విమానం మోత మోగిస్తాను చూడు!”

“మాట మీద నిలబడు. నాతోనే తలపడాలి. ఇంకెవణ్ణైనా చూసుకున్నావో, ఊరుకోను.”

ఎంత పొగరు! చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాడు, ఇప్పుడు నోటి దగ్గర కూడు లాక్కోవడమే కాక, కొట్టమని సవాలు కూడానా?

కొత్త సంవత్సరం నాడు తమ ఊరు మకుందూచిలోని మైదానంలో మగవాళ్ళు అరటి బోదెలతో బాదుకుంటారు. ఏడాదంతా కడుపులో దాచుకున్న కసి ఆ దెబ్బలతో తీరిపోవాలి. తలపడినవాళ్ళు ఊరి పెద్దాయన ముందు కసి తీరిందని చెప్పి కౌగిలించుకున్నాక, పోయిన ఏడాది సంగతి ఏదీ మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తినవాడి ఇంట్లో చావైనా సరే, ఊళ్ళో ఒక్కడూ గడప తొక్కడు.

ఉస్సి మీద కోపం సరే, రోజూ ఉండేదే. మకామె గుండెల్లో అసలు కుంపటి వేరే ఉంది. తమ్ముడు వువాయి. పడవ పోయే ముందు సాయంత్రం దాన్ని గుంజకు కట్టింది వాడే. తెల్లారేసరికి పడవ లేదు. తాడు మాత్రం గుంజకు నిక్షేపంగా వేలాడుతోంది, తెగలేదు, పడవవైపు కొస కూడా చెదరలేదు. రెండో రోజుకి పగడపు రాళ్ళ మీద చెక్కలు దొరికాయి.

“రెండు ముళ్ళేశానన్నా, అమ్మ తోడు!” అని వాడు ఏడ్చాడు.

“అయితే చేపలొచ్చి విప్పాయట్రా?” అని ఆ పూటే ఇంట్లోంచి గెంటేశాడు మకామె. నాన్న చేత్తో చెక్కిన పడవ అది. ముడి వేయడం చేతకాని వెధవ తమ్ముడెలా అవుతాడు? వాడు పట్నం పోయి రేవులో మూటలు మోస్తున్నాడని విన్నాడు. మోయనీ!

కొత్త సంవత్సరం రానే వచ్చింది. మైదానం చుట్టూ ఆడవాళ్ళు కొత్త బట్టలు కట్టుకుని, మగవాళ్ళను ఏకిపారేస్తూ పాటలు పాడుతున్నారు. బోదె భుజాన వేసుకుని ఉస్సి కోసం వెతుకుతున్న మకామెకు ఎవరో అడ్డం వచ్చారు. వువాయి. సగానికి సగం చిక్కిపోయాడు. చేతిలో బోదె ఉంది.

“అన్నా, నన్ను కొట్టు.”

“తప్పుకో.”

“నీ కసి తీరేదాకా కొట్టు. నేను చెయ్యెత్తను. ఇవాళతో అయిపోనీ అన్నా. ఇంటికి రావాలనుంది.”

“నిన్ను కొడితే నీ తప్పు మాసిపోతుంది. మాసిపోవడం నాకిష్టం లేదు. పో!”

వువాయి ఇంకోసారి అడగలేదు. బోదె అక్కడే పారేసి, పట్నం వెళ్ళే వ్యాను దగ్గరికి నడిచాడు.

అప్పుడు దొరికాడు ఉస్సి. మకామె ఆవురావురుమంటూ వాడి మీద పడ్డాడు. “ఇది నిన్న లాక్కుపోయిన ఇటలీ వాళ్ళకి! ఇది ఆ ముసలి జంటకి! ఇది నా పడవేదని అడిగినందుకు!” బోదె చివికి పీచుపీచయింది. వింతేమిటంటే ఉస్సి ఒక్క దెబ్బా తిరిగి కొట్టలేదు. తల వంచి, ఇంకా, ఇంకా అన్నట్టు నిలబడ్డాడు.

చివరికి మకామెకే ఆయాసం వచ్చింది. చేతులు వాలిపోయాయి. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయి, తనకు తెలియకుండానే నవ్వాడు.

“తీరిందా?” ఉస్సి అడిగాడు.

“తీరిందిరా దొంగ సచ్చినోడా.”

“పెద్దాయన ముందు చెప్పు.”

గట్టు మీది పెద్దాయనకు వినబడేలా మకామె గట్టిగా అన్నాడు: “పోయిన ఏడాదిది ఉస్సి మీద నాకేమీ మిగల్లేదు!”

పెద్దాయన తలూపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. దుమ్ము రేపుకుంటూ వ్యాను కదిలింది. ఉస్సి దానివైపే చూస్తున్నాడు. వాడి ఒళ్ళంతా వణుకుతోంది.

“ఏంట్రా, అంత గట్టిగా తగిలాయా?” మకామె జాలిపడ్డాడు.

ఉస్సి అతని చెవి దగ్గర నోరు పెట్టాడు.

“ఆ ముడి విప్పింది నేనే.”